పదిహేడు లక్ష్యాలు – మన బడి పిల్లలు

2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్యదేశాలు ఒక పెద్ద జాబితాను ఆమోదించాయి. 2030 నాటికి సాధించవలసిన 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు అందులో ఉన్నాయి. వీటినే సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అంటున్నాం. పేదరికం పోవాలి, ఎవరూ పస్తులతో పడుకోకూడదు, ప్రతి బిడ్డకూ మంచి చదువు అందాలి, ఆడపిల్లలకు సమాన అవకాశాలు రావాలి, ప్రతి ఇంటికీ శుభ్రమైన నీరు చేరాలి... ఇలా సాగుతుంది ఆ జాబితా.

ఫీజు కట్టలేని పిల్లలు ఇంకా ఎందరో ఉండగా, ఈ ప్రపంచ లక్ష్యాలను బడిలో నేర్పించడానికి మన సొమ్ము ఎందుకు ఖర్చు పెట్టాలి? దాతలకు ఈ సందేహం రావడం సహజం. దానికి జవాబు ఆ జాబితాలోనే ఉంది. నాలుగో లక్ష్యం నాణ్యమైన విద్య. అందులో 4.7 ఉపలక్ష్యం, సుస్థిర అభివృద్ధికి కావలసిన జ్ఞానం, నైపుణ్యం నేర్చుకునేవారందరికీ అందాలని చెబుతుంది. పైగా ఆకలి, నీరు, చదువు గురించిన ఈ లక్ష్యాలన్నీ ముందుగా మన బస్తీల పిల్లల గురించే. ఆ పిల్లలకే వాటి సంగతి తెలియకపోతే ఎలా?

మాట బరువు, పని తేలిక

'సుస్థిర అభివృద్ధి' అనే మాట ఐదో తరగతి పిల్లవాడి నోరు తిరగనిది. ఊరి చెరువును ఉదాహరణగా చెబితే సులువుగా అర్థమవుతుంది. ఈ ఏడు చేను తడవాలి, వచ్చే ఏటికీ చెరువులో నీళ్ళు ఉండాలి. మన అవసరం తీరాలి, మన తరువాతివారికి కరువు రాకూడదు. సుస్థిరత అంటే ఇంతే. అయితే విన్న మాట నాలుగు రోజుల్లో మరుపుకు వస్తుంది, చేతులతో చేసిన పని గుర్తుంటుంది. అందుకే బొమ్మలు, పటాలు, ఆటలు, నాటికల ద్వారా నేర్పమంటున్నాం.

మొదటిది పటం గీయడం. నలుగురైదుగురు పిల్లలు కలిసి తమ వీధి పటాన్ని చార్టు మీద గీస్తారు. కుళాయిలు, బోర్లు నీలిరంగులో, మురుగు నిలిచే చోట్లు నలుపులో, చెత్త పడేసే మూలలు ఎరుపులో గుర్తిస్తారు. ఆరో లక్ష్యమైన నీరు, పారిశుధ్యం వాళ్ళ కళ్ళముందే కనబడుతుంది. నల్గొండ ప్రాంతపు పిల్లలైతే తాతమ్మలను అడిగి పాత బావుల సంగతీ రాసుకోవచ్చు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయిన తరాలు అక్కడ ఉన్నాయి. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు రూపొందించారు. ఇతర దేశాల్లోనూ దాన్ని 'నల్గొండ పద్ధతి' అనే పిలుస్తారు. తమ జిల్లా పేరు ప్రపంచానికి ఎందుకు తెలిసిందో విన్న పిల్లలకు ప్రపంచ లక్ష్యం పరాయిదిగా తోచదు.

రెండోది తూకం. మధ్యాహ్న భోజనం తరువాత పారేసిన అన్నాన్ని వారం రోజులు తూచి, కిలోకు ఒక ఖాళీ అగ్గిపెట్టె చొప్పున గోడ దగ్గర పేర్చితే చాలు. ఆకలి గురించిన రెండో లక్ష్యం, వృథా గురించిన పన్నెండో లక్ష్యం, లెక్కల పాఠం మూడూ ఒకేచోట కుదురుతాయి.

మూడోది ఆట. ఈ లక్ష్యాల మీద పాచికలు వేసి ఆడే 'గో గోల్స్' అనే ఆటను ఐక్యరాజ్యసమితి ప్రాంతీయ సమాచార కేంద్రమే ఉచితంగా అందిస్తోంది. మన ఇళ్ళలోని వైకుంఠపాళి పటం తీరులో పిల్లలే సొంతంగా ఒకటి తయారు చేసుకోవచ్చు. అక్క బడి మానేస్తే పాము, బోరు దగ్గర గుంట పూడ్చితే నిచ్చెన. ఏది పాము, ఏది నిచ్చెన అని వాళ్ళు వాదించుకోవడమే అసలు పాఠం.

నాలుగోది కథ, నాటిక. దీని బలం తెలుగువారికి కొత్త కాదు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో పాటలు, కళాజాతాలు ఊరూరా తిరిగాయి. వాచకంలో సారా మీద తిరగబడిన సీతమ్మ కథ ఒక పాఠం. దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటం జిల్లాలు దాటి వ్యాపించి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక్క పాఠం వల్లనే ఇదంతా జరిగిందని అనలేం. కానీ తమ బతుకే పాఠంలో కనబడినప్పుడు చదువు ఎంత దూరం వెళ్తుందో అది చూపింది.

బొమ్మతో ఆగకూడదు

చాలా చోట్ల ఈ కార్యక్రమం చిత్రలేఖన పోటీతో మొదలై బహుమతి ప్రదానంతో ముగుస్తుంది. పిల్లవాడు 17 రంగుల గడులు చక్కగా దించుతాడు, కప్పు తీసుకుని ఇంటికి వెళ్తాడు. వీధి మాత్రం మారదు. అహ్మదాబాదులో కిరణ్ బీర్ సేథీ 2009లో ప్రారంభించిన 'డిజైన్ ఫర్ చేంజ్' పద్ధతి ఇక్కడ దారి చూపుతుంది. అందులో నాలుగు మెట్లు: బాధను గుర్తించు, ఉపాయం ఊహించు, చేసి చూపు, పదిమందికీ చెప్పు. పటం గీసిన పిల్లలు దాన్ని వార్డు సభ్యుడికి చూపించి ఒక విన్నపం ఇచ్చినప్పుడే మూడో మెట్టు ఎక్కినట్టు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. 'మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా? నిన్న రాత్రి ఏం తిన్నారు?' అని తరగతిలో అందరి ముందూ అడగకూడదు. లేని బిడ్డ తల దించుకుంటాడు. వీధి గురించి అడగాలి, ఇంటి గురించి కాదు. పేద పిల్లవాణ్ణి పేదరికానికి ఉదాహరణగా నిలబెట్టే చదువు మనకు వద్దు. అలాగే పెద్దలు చేయవలసిన పని భారాన్ని పిల్లల నెత్తిన పెట్టకూడదు.

దాతలు ఏం అడగాలి?

వీటికి కావలసిన సామగ్రి చార్టులు, రంగులు, పాత దినపత్రికలు, ఒక త్రాసు. ఖర్చు స్వల్పం. అసలు ఖర్చు ఉపాధ్యాయుల సమయానిది, వారి శిక్షణది. మీ విరాళం బ్యానర్లకు, జ్ఞాపికలకు కాకుండా దానికి చేరాలని మా కోరిక. ఏ సంస్థ అయినా, మేమైనా సరే, ఇలాంటి కార్యక్రమానికి సాయం కోరితే మూడు ప్రశ్నలు వేయండి. పిల్లలు తమ వీధిలో ఏం చూశారు? దాని గురించి ఏం చేశారు? మూడు నెలల తరువాత ఎవరు వెళ్ళి చూస్తారు? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికిన చోట మీ రూపాయి నిజంగా చదువు అవుతుంది.