పాట వెదకువారికి జీతము



విశాఖపట్టణమనగానే 1933లో తెరచిన రేవును, పిమ్మట వెలసిన ఉక్కు కర్మాగారమును తోచును గాని పాట తోచదు. అయినను ఫిడేలు విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు పెరిగినది ఈ యూరనే. వారు 1919లో విజయనగర సంగీతకళాశాలలో ఆచార్యులై, 1936లో దానికి అధ్యక్షులైరి. కావున ఇక్కడినుండి సంగీతమును గూర్చి మాటలాడుట వింత గాదు.

పాటను వెదకువానికి జీత మిత్తురా యని మా గ్రామవృద్ధు డొకడు నన్నడిగెను. ఇత్తురు. దానిని ఫెలోషిప్పందురు. భారతప్రభుత్వ సాంస్కృతికశాఖవా రేర్పరచిన పథకములో, ఇరువదియైదు మొదలు నలువదేండ్ల లోపువారికి నెలకు 10,000 రూపాయలు, నలువది దాటినవారికి 20,000 రూపాయలు, రెండేండ్లపాటు నిర్ణయింపబడినవి. చేసిన పనిని ఆరుమాసముల కొకసారి నివేదింపవలయును. ఇది గొప్ప ధనము గాదు. గ్రంథాలయమున నిశ్చింతగా కూర్చుండుటకు వలయు కాలమును కొనియిచ్చు ధనము.

తెలుగు పాటల పాత ప్రతులు వెదకువాడు విశాఖలో బండి యెక్కి తంజావూరు పోక తప్పదు. అచ్చటి నాయకరాజులును, తరువాతి మహారాష్ట్రరాజులును తెలుగు నాదరించిరి. 1684 మొదలు 1712 వరకు ఏలిన షాహాజీ మహారాష్ట్రుడయ్యును తెలుగున యక్షగానములు రచించెను. 1832 వరకు జీవించిన శరభోజి గ్రంథములను మిక్కిలి పెంచెను. రాజులదైన ఆ సరస్వతీమహలు 1918లో ప్రజల గ్రంథాలయమయ్యెను.

అచ్చట పని సులభము గాదు. తాళపత్రముపై మాటకు మాటకు ఎడ ముండదు. అక్షరముల తీరు నేటిది గాదు. అంతకన్న కష్ట మొకటి కలదు. పెక్కు ప్రతులలో రాగము పేరును, తాళము పేరును వ్రాసి స్వరములు విడిచిరి. గురుముఖమున నేర్చినవానికి సాహిత్యము మరపు రాకుండిన చాలునని వారి తలంపు. విత్తనము పేరు చీటిపై నుండి, విత్తు విధము లేనట్లయినది! పైగా రాగము పేరు నిలిచినను, దాని నడక మూడువందల యేండ్లలో మారియుండవచ్చును. అందుచే పరిశోధకుడు 1728-36 నడుమ ఏలిన తుళజ మహారాజు సంగీతసారామృతమున రాగములకు చూపిన సంచారములను చూచును. 1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారు ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శినితో పోల్చును. ఈ కడపటి గ్రంథము తెలుగు లిపిలోనే అచ్చుపడినది. గమకములకు సయితము అందు గుర్తు లున్నవి. ఈ పనికి లిపియు, శ్రుతియు రెండును తెలిసినవాడు కావలయును. నా శిష్యులలో లిపి వచ్చినవారికి శ్రుతి తెలియదు, శ్రుతి తెలిసినవారికి పాతలిపి రాదు. ఇద్దరిని జతగూర్చి పంపుట మేలని నా మతము.

ఇంక మన సంగతి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు గ్రంథాలయమునను తాళపత్రము లున్నవి. కాని తప్పెటగుళ్లవారి పాటలు, జముకులకథలు, భజనకీర్తనలు గ్రంథాలయము చేరినవి కొలదియే. తంజావూరి ఆకులలో మాట మిగిలి బాణీ పోయినది. మీ గొంతులలో బాణీ మిగిలియున్నది గాని ప్రతి లేదు. ఏ గొంతు మూగవోయిన, ఆ పాట ఇక ఏ జీతమున కైనను దొరకదు.

కావున పరిశోధకుడు మీ యూరు వచ్చినచో పాడి వినిపింపుడు. ఆయన ఫోనులో పట్టుకొనును. ఎవరియొద్ద నేర్చితిరో, ఏ పండుగకు పాడుదురో చెప్పుడు. ఇంటనున్న పాటలపుస్తకమును ఛాయాచిత్రము తీయనిండు. మూలము నిచ్చిన రసీదు తీసికొనుడు, ఒక ప్రతిని గ్రంథాలయమున నుంచుమని కోరుడు. చెదలు పట్టినవని తాళపత్రములను ఏటిలో కలుపకుడు, చెదలు తినగా మిగిలిన సగమును ఆయనకు పనికివచ్చును. రాగము పేరు తెలియదని సంకోచింపవలదు. మీరు పాడుడు, పేరు వారు వెదకికొందురు.