పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్‌లు ఉండొచ్చా? చేరే ముందే తెలుసుకోవాల్సినవి

ఖమ్మం ఖానాపురం హవేలి నుంచి వరంగల్ కాకతీయకో, హైదరాబాద్ ఉస్మానియాకో, మనూకో పీహెచ్‌డీకి వెళ్లే బిడ్డను ఇంట్లో వాళ్లు ముందుగా అడిగేది ‘గైడ్ ఎవరు?’ అనే. ఆ గైడ్ ఒక్కరే ఉండాలన్న రూలేమీ లేదు. యూజీసీ 2022 నవంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం యూనివర్సిటీ అనుమతితో కో-సూపర్‌వైజర్‌, అంటే రెండో గైడ్‌ను పెట్టుకోవచ్చు. ఆ రెండో గైడ్ అదే డిపార్ట్‌మెంట్‌ వారు కావచ్చు, వేరే డిపార్ట్‌మెంట్‌ వారు కావచ్చు, వేరే యూనివర్సిటీ వారైనా కావచ్చు. ప్రధాన గైడ్ మాత్రం చేరిన యూనివర్సిటీలోనే పర్మనెంట్ అధ్యాపకులై ఉండాలి.

ఎప్పుడు అవసరం?

టాపిక్ రెండు సబ్జెక్టులకు చెందినప్పుడు. భద్రాచలం అడవి పల్లెల్లో కోయలు వాడే మూలికల మీద పరిశోధన అనుకోండి. మొక్కను గుర్తుపట్టాలంటే బాటనీ తెలిసినవారు కావాలి. జనంతో మాట్లాడి వివరాలు రాసుకునే పద్ధతికి ఆంత్రోపాలజీ వారు కావాలి. ఉర్దూ, తెలుగు కథలను పోల్చి చూసే పనికీ అంతే, రెండు భాషల గైడ్‌లూ ఉంటే మేలు.

రిటైర్మెంట్ సంగతి

సర్వీసు మూడేళ్లలోపే మిగిలిన అధ్యాపకులు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. కానీ నాలుగేళ్లు మిగిలినవారు తీసుకోవచ్చు. పీహెచ్‌డీ గడువేమో ఆరేళ్లు. అంటే గైడ్ మధ్యలోనే రిటైర్ కావచ్చు. ఆ తర్వాత వారు 70 ఏళ్లు వచ్చేదాకా కో-సూపర్‌వైజర్‌గా కొనసాగొచ్చు. అయితే ప్రధాన గైడ్ స్థానంలోకి ఇంకొకరు రావాలి. మొదటి నుంచీ పని తెలిసిన రెండో గైడ్ అదే యూనివర్సిటీలో ఉంటే అప్పుడు కష్టం తగ్గుతుంది.

పెళ్లయి ఊరు మారితే?

నిఖా అయ్యాక చదువు ఆగిపోవాల్సిన పని లేదు. మహిళా స్కాలర్ తన పరిశోధన డేటాను కొత్త యూనివర్సిటీకి తీసుకెళ్లే వీలును ఇవే నిబంధనలు ఇచ్చాయి. అయితే ఆ పరిశోధన పాత యూనివర్సిటీ గానీ గైడ్ గానీ తెచ్చిన నిధులతో నడుస్తున్నది కాకూడదు. పాత గైడ్‌కు, యూనివర్సిటీకి దక్కాల్సిన క్రెడిట్ ఇవ్వాలి. మహిళలకు గడువులో అదనంగా రెండేళ్లు, ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల దాకా సెలవు కూడా ఉన్నాయి.

చిక్కు ఎక్కడ?

ఒకరు ‘ఈ చాప్టర్ బాగుంది’ అంటారు, ఇంకొకరు ‘మళ్లీ రాయి’ అంటారు. మధ్యలో నలిగేది స్కాలరే. అందుకే ఏ చాప్టర్ ఎవరు చూస్తారో, ఎన్ని రోజుల్లో చూసిస్తారో మొదట్లోనే మాట్లాడుకోవాలి. మీటింగ్ అయిన రోజే అనుకున్న మాటలు ఇద్దరికీ ఒకే మెయిల్‌లో పంపాలి. అప్పటికీ తేలకపోతే ప్రతి సెమిస్టర్ కూర్చునే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు చెప్పాలి.

చివరగా ఒక్క మాట. ‘ఆయన కూడా చూస్తార్లే’ అని నోటిమాటగా అంటే సరిపోదు. రెండో గైడ్ పేరు యూనివర్సిటీ ఆర్డర్‌లో ఉందో లేదో చూసుకుని, ఆ కాపీ దగ్గర పెట్టుకోవాలి.