పాత ట్యాబ్లెట్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: నిర్ణయానికి ముందు గమనించవలసినవి

ఫరీదాబాద్ సహా హర్యానా అంతటా ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ట్యాబ్లెట్లు అందించే ఈ-అధిగమ్ పథకం 2022 మే 5న రోహ్‌తక్‌లో ప్రారంభమైంది. ఆనాటి పరికరాలు ఇప్పుడు పాతబడ్డాయి. అటువంటి ట్యాబ్లెట్ తెరపై అప్‌డేట్ చేసుకోవాలన్న సందేశం కనిపిస్తే ఏమి చేయాలి?

అప్‌డేట్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది భద్రతా లోపాలను సరిదిద్దుతుంది. దీనిని ఆలస్యం చేయరాదు. రెండవది ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌నే మారుస్తుంది. మెమరీ, ప్రాసెసర్ సామర్థ్యం తక్కువగా ఉన్న పరికరం ఈ భారంతో మందగించవచ్చు. అప్‌డేట్ల వల్ల పాత ఫోన్లు నెమ్మదించాయన్న వ్యవహారంలో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018లో యాపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోల జరిమానా విధించింది.

పాత వెర్షన్‌కు భద్రతా సవరణలు ఇంకా అందుతుంటే కొంతకాలం వేచి చూడవచ్చు. అవి ఆగిపోతే కొత్త వెర్షన్‌కు మారడమే మేలు. అయితే ఒకసారి మారాక వెనక్కు వెళ్లడం సులభం కాదు. కనుక ఫొటోలు, నోట్సు ముందే వేరొక చోట భద్రపరచాలి. తగినంత ఖాళీ స్థలం, ఛార్జింగ్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. నిత్యం వాడే యాప్‌లు కొత్త వెర్షన్‌లో పనిచేస్తాయో లేదో తెలుసుకోవాలి. పాఠశాల ఇచ్చిన ట్యాబ్లెట్ అయితే ఉపాధ్యాయులను సంప్రదించాలి.

ఏ అప్‌డేటూ రాని ట్యాబ్లెట్‌ను పాఠాలు చదవడానికి, వినడానికి వాడుకోవచ్చు. బ్యాంకు లావాదేవీలకు మాత్రం వాడకపోవడమే క్షేమం.