మందారం చిగురు పాలిపోతే

ఇలా రా తల్లీ, ఈ కుండీలో మందారం చూడు. కొమ్మ చివర లేతాకులు నిమ్మపండు రంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. కింద ముదురాకులేమో నిగనిగలాడుతున్నాయి. జబ్బు ఎక్కడ మొదలైందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. నత్రజని తక్కువైతే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగుళ్లకి పంపుతుంది, అందుకని కింది ఆకులు ముందు పండుతాయి. ఇనుము అలా కాదు, చేరిన ఆకుని ఓ పట్టాన వదలదు. దానికి కరువొస్తే దెబ్బ చిగురుకే.

అయితే ఇనుము వేద్దామంటావు. మట్టిలో ఇనుము లేక కాదమ్మా! మనం పోసేది బోరు నీళ్లు. గీజరు రాడ్డుకి తెల్లగా గార కట్టించే నీళ్లవి, బైకార్బొనేట్లు ఎక్కువ. రోజూ అవే పోస్తుంటే కుండీ మట్టి క్షారం వైపు జరుగుతుంది. పులుపెంతో క్షారమెంతో చెప్పే పీహెచ్ 7 దాటేకొద్దీ ఇనుము కరగని తుప్పుగా బిగుసుకుపోతుంది. కంచంలో అన్నం పెట్టి చేతులు కట్టేసినట్టు! నేలలో మొక్కయితే వేరు ఇంకోచోటు వెతుక్కుంటుంది, కుండీలో ఎక్కడికని పోతుంది?

ఈ పీహెచ్ కొలత 1909లో డెన్మార్కులో పుట్టింది. సోరెన్‌సెన్ అనే ఆయన కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తూ దీన్ని పెట్టాడు. ఇందులో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు, కాబట్టి 7కీ 8కీ మధ్య ఎడం చిన్నదనుకోకు. మందారానికి 6, 6.5 దగ్గర హాయి.

ఆ ఎర్ర మందారం రేకలు నాలుగు వేడినీళ్లలో వెయ్యి. రంగు దిగాక కొంచెం గ్లాసులోకి తీసి నిమ్మరసం పిండితే ఎర్రగా మెరుస్తుంది, ఇంకో గ్లాసులో సున్నపు తేట పోస్తే ఆకుపచ్చకి తిరుగుతుంది. పువ్వే మనకి పరీక్ష చేసి పెడుతుంది! 6కీ 7కీ తేడా పట్టుకోవాలంటే మాత్రం పీహెచ్ కాగితాలో మీటరో కావాలి.

ఇక పోసే నీళ్లలో ఎరువూ పులుపూ కలపడం. ముందు ఎరువు, తర్వాతే పులుపు, ఎందుకంటే ఎరువు కూడా పీహెచ్‌ని మార్చేస్తుంది. లీటరు నీళ్లకి 19-19-19 రెండు గ్రాములు చాలు. అది కరిగాక నిమ్మ ఉప్పు చిటికెడు చొప్పున వేస్తూ, కలుపుతూ, పీహెచ్ 6, 6.5 దగ్గరికి దిగేదాకా కాగితం ముంచి చూడు. ఏ రోజుకారోజు కలుపుకో. నిల్వ ఉంచితే సూక్ష్మజీవులు నిమ్మ ఉప్పుని తినేస్తాయి, పీహెచ్ మళ్లీ ఎక్కుతుంది. కాల్షియం నైట్రేటునీ ఎప్సమ్ సాల్టునీ మాత్రం చిక్కగా ఒకే డబ్బాలో కలపకు. అడుగున తెల్లగా జిప్సం పేరుకుంటుంది, డబ్బు దండగ. వేర్వేరు రోజుల్లో వేసుకో.

ఇనుము కొనాలంటే డబ్బా మీద పేరు చదువు. ఈడీటీఏ ఇనుము పీహెచ్ 6.5 దాటితే పట్టు సడలిస్తుంది, ఈడీడీహెచ్ఏ ఇనుము 9 దాకా నిలుస్తుంది. మన బోరు నీళ్లకి రెండోదే నయం, ఖరీదెక్కువైనా సరే. వానాకాలంలో అయితే మిద్దె గొట్టం కింద డ్రమ్ము పెట్టుకో, వాన నీటికి సహజంగానే కాస్త పులుపుంటుంది. బాగా పాలిపోయిన ఆకులు తేరుకోకపోవచ్చు, వాటిని చూసి ఇంకా ఇంకా మందు పొయ్యకు. కొత్తగా వచ్చే చిగురు రంగు చూసుకో.