క్యూ బ్రిడ్జ్ ఆవిరి యంత్రం దగ్గర ఒక ఫిజిక్స్ పాఠం



శనివారం తెలుగు క్లాసు అయ్యాక, ప్రసాదం పంచేలోపు ఒక గంట సేపు పిల్లల లెక్కలు, సైన్సు సందేహాలు చూస్తున్నానని మీలో చాలామందికి తెలుసు. ఈ చలికాలం ఆ గంటలో నేను ఎక్కువసార్లు విన్న మాట, "అంకుల్, నాకు ఫిజిక్స్ అర్థం కాదు, ఏ లెవెల్‌లో వదిలేస్తాను" అని. (అంకుల్ అన్న పిలుపుకి నేనింకా అలవాటు పడలేదు, అది వేరే సంగతి.) ఆ మాట అన్నవాళ్ళు మార్కులు రాని పిల్లలు కాదు. ఇయర్ 11 చదువుతున్న ఒక అమ్మాయికి సూత్రాలన్నీ నోటికి వచ్చు. కానీ వేడికి, ఉష్ణోగ్రతకి తేడా చెప్పమంటే చెప్పలేకపోయింది. నేను నా ఇంటర్ పుస్తకంలో ఉన్న నిర్వచనం చెప్పాను. "అది మా పుస్తకంలో కూడా ఉంది అంకుల్" అంది.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఇంటర్‌లో నేను ఉష్ణగతిక శాస్త్రం అధ్యాయాన్ని అచ్చం అలాగే దాటాను. మార్కులు వచ్చాయి, ఎంసెట్ అయిపోయింది, తర్వాత కంప్యూటర్ల వైపు వచ్చేశాను. అందుకే ఈసారి పుస్తకం మూసేసి, ఐదుగురు పిల్లల్ని, ఇద్దరు తల్లుల్ని వెంటబెట్టుకుని 237 బస్సు ఎక్కాను. మన హౌన్స్‌లో బరోలోనే, బ్రెంట్‌ఫర్డ్ చివర, క్యూ బ్రిడ్జ్ స్టేషన్ పక్కన ఎత్తైన ఇటుక గోపురం ఉంటుంది. ఎం4 మీద వెళ్తూ అందరం చూసే ఉంటాం. చాలామంది దాన్ని ఫ్యాక్టరీ పొగగొట్టం అనుకుంటారు. నిజానికి అందులో ఉన్నవి నీటి గొట్టాలు. ఒకప్పుడు లండన్‌కి మంచినీళ్ళు తోడి పంపిన పంపింగ్ స్టేషన్ అది, ఇప్పుడు మ్యూజియం.

గ్రాండ్ జంక్షన్ వాటర్‌వర్క్స్ కంపెనీ చెల్సీ దగ్గర థేమ్స్ నీళ్ళు మురికైపోవడంతో 1838లో ఇక్కడికి మారింది. లోపల ఉన్న ఇంజన్లలో పిల్లలు నోరు తెరిచి చూసింది 1846 నాటి 90 అంగుళాల కార్నిష్ ఇంజన్‌ని. 90 అంగుళాలన్నది దాని సిలిండర్ వ్యాసం, అంటే దాదాపు 2.3 మీటర్లు. మన గుడి వంటగదిలోని పెద్ద గుండిగ అందులో పెడితే ఒక మూలన ఉంటుంది. 1940లలో ఆపేసేదాకా, వందేళ్ళకి కాస్త తక్కువగా అది పని చేసింది.

మొదట బలం లెక్క వేయించాను. పిస్టన్ వైశాల్యం 4.1 చదరపు మీటర్లు, అంటే 41,000 చదరపు సెంటీమీటర్లు. పిస్టన్ పైన ఆవిరి, కింద దాదాపు శూన్యం. రెండు వైపులా పీడనంలో తేడా ఒక్క వాతావరణ పీడనమే అనుకుందాం, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో బరువు. మొత్తం 41 టన్నుల బరువంత బలం! "అయితే ఇది చాలా పవర్‌ఫుల్ అన్నమాట" అన్నాడు ఒక అబ్బాయి. మెకానిక్స్‌లో సగం చిక్కు ఆ మాటలోనే ఉంది.

ఇందులో మన తెలుగు తప్పు కూడా కొంత ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఫోర్స్ అంటే బలం, ఎనర్జీ అంటే శక్తి, పవర్ అంటే సామర్థ్యం అని జాగ్రత్తగా విడదీశారు. ఇంట్లో మాత్రం మూడింటికీ "శక్తి", "బలం" అని ఏది నోటికొస్తే అది వాడేస్తాం. ఇంగ్లీషులో చదివే పిల్లలకి కూడా ఇంటి అలవాటే వస్తుంది. నిండు గుండిగని ఇద్దరు పట్టుకుని కదలకుండా నిలబడ్డారనుకోండి. చేతులు లాగేస్తాయి, బలం ఉంది. కానీ గుండిగ ఒక్క అంగుళం కూడా కదల్లేదు కాబట్టి ఫిజిక్స్ లెక్కలో దాని మీద జరిగిన పని సున్నా. స్టవ్ మీద నుంచి అరుగు మీదికి ఎత్తితేనే పని. ఆ ఎత్తడం రెండు సెకన్లలో చేశారా, రెండు నిమిషాల్లో చేశారా అన్నది సామర్థ్యం.

ఇక్కడే నా పరువు పోయింది. "ఆవిరి పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ నీళ్ళని తోస్తుంది" అని పిల్లలకి ధీమాగా చెప్పేశాను. పక్కన నిలబడి వింటున్న మ్యూజియం వాలంటీరు, పెద్దాయన, నవ్వి "కాదు బాబూ" అన్నట్టు తల ఊపి అసలు సంగతి చెప్పారు. ఆవిరి నీళ్ళని తోయదు, బరువుని ఎత్తుతుంది. ఇంజన్ పైన త్రాసు దండెలాంటి పెద్ద ఇనుప దూలం ఉంది. ఒక చివర పిస్టన్, రెండో చివర పంపు, దానికి కట్టిన బరువు. ఆవిరి పిస్టన్‌ని కిందికి లాగితే అటు చివర బరువు పైకి లేస్తుంది, పంపులోకి నీళ్ళు వస్తాయి. తర్వాత ఒక వాల్వు తెరుచుకుని పిస్టన్ పైన ఉన్న ఆవిరి కిందికి కూడా చేరుతుంది, రెండు వైపులా పీడనం సమానమవుతుంది. ఇక పిస్టన్‌ని పట్టుకునేది ఏదీ లేదు. బరువు తనంతట తాను దిగుతూ నీళ్ళని గొట్టాల్లోకి నొక్కుతుంది. లండన్ ఇళ్ళకి నీళ్ళు పంపింది చివరికి భూమి ఆకర్షణే! బొగ్గు చేసిందల్లా ఆ బరువుని మళ్ళీ మళ్ళీ పైకి ఎత్తి పెట్టడం.

స్థితిశక్తి అంటే ఇదే. ఎత్తులో దాచిపెట్టిన పని. మా అమ్మగారిది పశ్చిమ గోదావరి, అందుకని నాకు వెంటనే ధవళేశ్వరం గుర్తొచ్చింది. ఈ ఇంజన్ పెట్టిన మరుసటి ఏడాదే, 1847లో, ఆర్థర్ కాటన్ అక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852కి పూర్తయింది. అక్కడ బొగ్గు లేదు, పిస్టన్ లేదు. ఆనకట్ట నీటి మట్టాన్ని కాస్త లేపుతుంది, మిగతాదంతా వాలు చూసుకుంటుంది. నీళ్ళని ఎత్తే పని ముందే సూర్యుడు చేసిపెట్టాడు, సముద్రంలోంచి మబ్బుల్లోకి. ఇక్కడ ఒక నదిలోంచి పక్క వీధికి నీళ్ళు ఎక్కించడానికి గనుల్లోంచి బొగ్గు తవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు లెక్క. ఈ ఇంజన్ ఒక్కో స్ట్రోకుకి 472 గాలన్లు పంపేది, అంటే 2,146 లీటర్లు, రెండు టన్నులు దాటిన నీళ్ళు. 60 మీటర్ల ఎత్తుకి ఎక్కించిందనుకుందాం. ద్రవ్యరాశి, 9.8, ఎత్తు, మూడూ గుణిస్తే దాదాపు 12.6 లక్షల జౌళ్ళు. అది ఎంత? ఆ సమాధానం కోసం పిల్లల్ని ఇంకో లెక్క చేయమన్నాను. 15 డిగ్రీల కుళాయి నీళ్ళు ఒక లీటరు కేటిల్‌లో పోసి మరిగే స్థాయికి తేవడానికి ఎంత కావాలి? ఒక్కో డిగ్రీకి 4,186 జౌళ్ళు, 85 డిగ్రీలకి సుమారు 3.56 లక్షలు. రెండూ పోల్చి చూడగానే ఆ అమ్మాయి కాగితం మీంచి తల ఎత్తింది. "అంటే రెండు టన్నుల నీళ్ళని ఇరవై అంతస్తుల ఎత్తుకి తీసుకెళ్ళడం, మూడున్నర లీటర్ల టీ నీళ్ళు కాచడం ఒకటేనా?"

శక్తి లెక్కలో ఒకటే. మాంచెస్టర్ దగ్గర జేమ్స్ జౌల్ 1840లలో చూపించింది ఇదే. దిగే బరువుతో నీళ్ళలో తెడ్లు తిప్పి, ఆ నీళ్ళు ఎంత వేడెక్కాయో కొలిచాడు. వేడీ పనీ ఒకే నాణేనికి రెండు పేర్లని తేల్చాడు. ఉష్ణగతిక మొదటి నియమం అదే, శక్తి పుట్టదు, పోదు, రూపం మారుతుంది.

సామర్థ్యం కూడా చూద్దాం. నిమిషానికి తొమ్మిది స్ట్రోకులు అనుకుంటే దాదాపు 190 కిలోవాట్లు, 250 హార్స్‌పవర్. అంటే గుడి కార్ పార్కులో ఉన్న రెండు మామూలు కార్లు కలిపితే వచ్చేంత! 41 టన్నుల బలం ఉన్న రాక్షసుడికి రెండు కార్ల సామర్థ్యమే ఎందుకంటే అది నెమ్మదిగా కదులుతుంది. పవర్‌ఫుల్ అన్న అబ్బాయికి సమాధానం దొరికింది. కరీంనగర్ నుంచి వచ్చిన తల్లి ఒకరు కాళేశ్వరం మోటార్ల సంగతి అడిగారు. అక్కడ లక్ష్మీపూర్ గాయత్రి పంప్ హౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లు, అంటే ఇలాంటి ఇంజన్లు ఏడు వందల పైన.

ఇక మొదటి ప్రశ్న, వేడికి, ఉష్ణోగ్రతకి తేడా. దీనికి మ్యూజియం కంటే గుడే మంచి చోటు. కర్పూర హారతి మంట ఉష్ణోగ్రత వందల డిగ్రీలు. అయినా దాని మీదుగా చెయ్యి తిప్పి కళ్ళకి అద్దుకుంటాం, ఏమీ కాదు. గుండిగలో పులుసు ఉష్ణోగ్రత వందకి అటూ ఇటూ. అందులో చెయ్యి పెడతామా? ఉష్ణోగ్రత అణువుల కదలిక ఎంత జోరుగా ఉందో చెబుతుంది. వేడి అంటే ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి చేరిన శక్తి. చిన్న మంట మీదుగా చెయ్యి చటుక్కున పోతే చేతికి చేరేది కొంచెమే, గుండిగ అయితే ఇస్తూనే ఉంటుంది. "ఒళ్ళు వేడిగా ఉంది" అని మనం అనేది ఉష్ణోగ్రత గురించి, "ఎండ వేడి తగిలింది" అనేది వేడి గురించి. ఒకే మాటతో రెండు పనులు చేయిస్తున్నాం కాబట్టి పిల్లలు తికమక పడితే వాళ్ళ తప్పేం లేదు.

ఆవిరి సంగతి ఇంకా చిత్రం. లీటరు నీళ్ళని మరిగే దాకా తేవడానికి 3.56 లక్షల జౌళ్ళు చాలు. మరిగే నీళ్ళని ఆవిరి చేయడానికి ఇంకో 22.6 లక్షలు కావాలి, ఆరు రెట్లు ఎక్కువ, అదీ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా! దీన్నే గుప్తోష్ణం అంటారు. మరిగే నీళ్ళ కంటే ఆవిరి ఎక్కువ కాల్చేది అందుకే. వంటగది సేవకి వచ్చేవాళ్ళు పెద్ద కుక్కర్ మూత తీసేటప్పుడు దయచేసి గుర్తుపెట్టుకోండి.

మరి అంత వేడి పెట్టాం కదా, అంతా పనిగా మారిందా? లేదు. ఆ కాలపు మంచి కార్నిష్ ఇంజన్లు బొగ్గు వేడిలో పదో వంతు పనిగా మార్చడమే గొప్ప. మిగతాది పొగలో పోయింది, చాలా భాగం కండెన్సర్ నీళ్ళలో కలిసిపోయింది. ఇంజనీర్ల చేతకానితనం కొంత, అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. న్యూకోమెన్ 1712 నాటి ఇంజన్ ప్రతి స్ట్రోకుకీ సిలిండర్‌ని చల్లబరచి మళ్ళీ వేడి చేసేది. జేమ్స్ వాట్ కండెన్సర్‌ని వేరే గదిగా పెట్టి ఆ వృథాని తగ్గించాడు. వాట్ పద్ధతి బౌల్టన్ అండ్ వాట్ ఇంజన్ ఒకటి, 1820లో చేసింది, ఇదే మ్యూజియంలో ఉంది. కానీ ఎంత బాగు చేసినా చల్లటి వైపు కొంత వేడి వదలక తప్పదని 1824లో సాదీ కార్నో అనే ఫ్రెంచి కుర్రాడు తేల్చాడు, అప్పటికి అతని వయసు 28. ఆవిరి 140 డిగ్రీలు, కండెన్సర్ 40 డిగ్రీలు అనుకోండి. కెల్విన్‌లో 413, 313. చిన్నదాన్ని పెద్దదానితో భాగించి ఒకటిలోంచి తీసేస్తే 0.24. ఏ లోపమూ లేని ఇంజన్ అయినా నూటికి 24 దాటదు. కొండ మీద నీళ్ళు దిగితేనే మర తిరిగినట్టు, వేడి పైనుంచి కిందికి దిగితేనే పని వస్తుంది, తేడా లేకపోతే ఏమీ రాదు. థేమ్స్ నీళ్ళలో బోలెడంత వేడి ఉంది, అయినా దానితో బల్బు కూడా వెలగదు. రెండో నియమం ఇది.

తిరుగు బస్సులో తల్లులకి అసలు సందేహం వచ్చింది. గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టుకుంటే ఇంగ్లండ్‌లో ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇస్తోంది కదా, ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి అంటున్నారు, ఇది మోసం కాదా, మొదటి నియమానికి విరుద్ధం కాదా అని. కాదు. కరెంటు అక్కడ వేడిని పుట్టించడం లేదు, మోస్తోంది. బయట 5 డిగ్రీల చలిగాలి మనకి చల్లన గానీ కెల్విన్‌లో అది 278. అందులోంచి రెండు యూనిట్లు తోడి, తన ఒకటి కలిపి ఇంట్లోకి మూడు పంపుతుంది. కార్నో ఇంజన్‌ని వెనక్కి తిప్పడమే. అయితే ఇంట్లో వేడి ఎంత ఎత్తుకి ఎక్కించాలంటే అంత కష్టం. రేడియేటర్లు బాగా మండాలనే పాత ఇళ్ళలో మూడు యూనిట్లు రావడం కష్టం, చిన్న వేడితో సరిపోయేలా పెద్ద రేడియేటర్లు, గోడలకి ఇన్సులేషన్ ఉన్నచోట బాగా వస్తాయి. కరెంటు యూనిట్ ధర గ్యాస్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి కొటేషన్ తీసుకునేటప్పుడు ఆ రెండు ధరలూ పక్కపక్కన పెట్టి లెక్క వేయించుకోండి. ఇయర్ 11 పిల్లలుంటే వాళ్ళ చేతే వేయించండి.

ఆ అమ్మాయి ఏ లెవెల్ ఫారంలో ఫిజిక్స్ దగ్గర ఇంకా టిక్ పెట్టలేదట, కొట్టెయ్యనూ లేదట. బస్సు దిగేటప్పుడు నన్ను ఒకటి అడిగింది. వేసవిలో ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టి వంటగది తలుపులు మూసేస్తే గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా? జవాబు నేను చెప్పలేదు. పిల్లలూ, మీరు ఆలోచించి కారణంతో సహా రాసుకుని వచ్చే శనివారం క్లాసుకి తీసుకురండి. మ్యూజియం చూడాలనుకునే కుటుంబాలు ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకుని వెళ్ళండి, హౌన్స్‌లో స్టేషన్ నుంచి క్యూ బ్రిడ్జ్‌కి రైలు కూడా ఉంది.