గుండె గుమ్మం దగ్గర కాపలా

రాత్రి రెండు గంటలు. సిరిసిల్లలో సాంచాల మోత ఆగదు. కొత్తగా వచ్చిన చుట్టానికి ఆ చప్పుడులో కన్ను మూతపడదు. అక్కడే పుట్టిన పసిపిల్లలకు మాత్రం అదే జోలపాట. కరెంటు పోయి సాంచా ఆగిందా... ఉలిక్కిపడి లేస్తారు!

పెద్దల సంగతి వేరు. సాంచా నడిచినా వాళ్లకు నిద్ర రాదు, ఆగినా రాదు. నడుస్తుంటే నూలు ధర గుర్తొస్తుంది. ఆగితే మిత్తి గుర్తొస్తుంది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక కొన్నేళ్లు చేతినిండా పని దొరికింది. 2024లో అవి ఆగిపోయాక గుండెల్లో మళ్లీ రాయి పడింది. 2025లో మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. అది అయిపోయాక ఏమిటన్నది ఆసామి అడిగే ప్రశ్న, కార్మికుడు అడిగే ప్రశ్న.

కోరుట్లలో, జగిత్యాలలో ఇదే చింత వేరే వేషంలో కనిపిస్తుంది. ఇంట్లో ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఇంటాయన గల్ఫ్‌లో. 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అని ఊరికే అన్నారా మనవాళ్లు! ఏజెంటుకు కట్టిన అప్పు ఇక్కడ పెరుగుతుంటుంది. అక్కడ కంపెనీ జీతం ఇచ్చిందో లేదో ఫోను వస్తేగానీ తెలియదు. కంపెనీ వదిలి 'కల్లివెల్లి' అయ్యాడంటే ఇక ఇంటిల్లిపాదికీ కునుకు ఉండదు.

ఈ మూడు ఊళ్ల చుట్టూ దేవుళ్లకు కొదవలేదు. వేములవాడ రాజన్న ఉన్నాడు, ధర్మపురి నరసింహస్వామి ఉన్నాడు. మనసు బాగాలేని వాళ్లను కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకొచ్చి కొన్నాళ్లు ఉంచడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. అదే నేల మీద, అవే కష్టాల మధ్య, యేసు మాటల్లో నెమ్మది వెతుక్కునే కుటుంబాలు కూడా ఉన్నాయి. కరీంనగర్ ప్రాంతానికి వెస్లియన్ మిషనరీలు వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు మెథడిస్టులు అందులో కలిశారు. 1978లో కరీంనగర్ డయాసిస్ వచ్చింది. పెద్ద చర్చిలతో పాటు రేకుల షెడ్లలో, ఇళ్ల ముందు గదుల్లో నడిచే చిన్న చిన్న సహవాసాలు కూడా ఉన్నాయి.

రేపటి సంగతి

చింతపడొద్దని యేసు కొండ మీద చెప్పిన మాట చాలామందికి తెలుసు. ఆకాశంలో ఎగిరే పిట్టలను చూడమన్నాడు. పొలంలో పూసే పూలను చూడమన్నాడు. వాటికి రాట్నం తిప్పే పని లేకపోయినా సొలొమోను రాజుకు కూడా దక్కని అందం ఉందన్నాడు. ఈ మాట నేతపని వాళ్ల మధ్య చదివితే ఎలా ఉంటుంది? 'పూలకు పని లేదు సరే... మాకు పని లేకుంటే పొయ్యి వెలగదు కదా!' అని ఎవరైనా అంటే తప్పు పట్టలేం.

కానీ ఆ మాట విన్నవాళ్లెవరు? గలిలయలో చేపలు పట్టేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. పన్నులతో నడుము విరిగినవాళ్లు. అదే బోధలో యేసు వాళ్లకు నేర్పిన ప్రార్థన కూడా పెద్ద కోరికలది కాదు, ఆనాటి రొట్టె ఆనాటికి ఇమ్మని అడిగేది. పని మానేయమని అందులో ఎక్కడా లేదు. రేపటి బరువును ఇవాళే మోయొద్దని ఉంది. వేల లెక్కన బీడీలు చుట్టి కూలి తీసుకునే మనిషికి ఈ లెక్క తెలియనిది కాదు. రేపటి వెయ్యి ఇవాళ చుట్టలేం.

పౌలు మరో అడుగు ముందుకు వేశాడు. ఫిలిప్పీ పట్టణంలోని విశ్వాసులకు ఉత్తరం రాసేనాటికి అతను సంకెళ్లలో ఉన్నాడు. తీర్పు ఏమవుతుందో తెలియదు, చావు కూడా కావచ్చు. అలాంటి మనిషి, దేని గురించీ చింతపడకండి, ప్రతి అవసరమూ కృతజ్ఞతతో దేవునికి విన్నవించండి అని రాశాడు. అలా చేస్తే బుద్ధికి అందని సమాధానం మీ గుండెలకు కాపలా ఉంటుందన్నాడు. ఇక్కడ అతను వాడిన గ్రీకు మాట సైన్యానికి సంబంధించినది. కోట గుమ్మం దగ్గర సిపాయిలు కాపు కాయడమని దాని భావం. ఫిలిప్పీ రోమా మాజీ సైనికులు స్థిరపడ్డ ఊరు, ఆ మాట వాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు.

అప్పు తీరుతుందని పౌలు రాయలేదు. సంకెళ్లు ఊడతాయనీ మాట ఇవ్వలేదు. శరీరంలోని ఒక ముల్లు తొలగించమని తాను మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదని మరో ఉత్తరంలో అతనే ఒప్పుకున్నాడు.

నిద్రపో... లేచి తిను

ఈ ప్రాంతంలో ఆత్మహత్యల వార్తలు చదివినప్పుడల్లా నాకు బైబిల్లోని ఏలీయా గుర్తొస్తాడు. మామూలు మనిషి కాదు, ప్రవక్త. రాణి చంపుతానంటే భయపడి ఎడారికి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసేయమని దేవుణ్నే అడిగాడు.

దేవుడు అతన్ని తిట్టలేదు. విశ్వాసం లేదా అని నిలదీయలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. తర్వాత దూత వచ్చి తట్టి లేపితే తలదగ్గర నిప్పుల మీద కాలిన రొట్టె, కూజాలో నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, తినమన్నాడు. మాటలు ఆ తర్వాతే మొదలయ్యాయి. నేనొక్కణ్నే మిగిలానని ఏలీయా మొరపెట్టుకుంటే, నీలాంటివాళ్లు ఇంకా ఏడు వేల మంది ఉన్నారని జవాబు వచ్చింది.

అప్పులో మునిగిన మనిషికీ అదే అనిపిస్తుంది, తానొక్కడేనని. భార్యకు చెప్పడు, తమ్ముడికి చెప్పడు. ఫైనాన్సు వాడు గడప ముందు అరిచేదాకా ఇంట్లో తెలియదు. సహవాసాల్లో 'ప్రార్థన అంశం' అని ఒక అలవాటుంది. కూడిక చివర్లో ఒక్కొక్కరూ లేచి తమ కష్టం చెబుతారు. 'అక్కా, మా పిలగాడు మస్కట్ల ఉన్నడు. వారమాయె ఫోన్ లేదు, ప్రార్థన చేయున్రి' అని ఒకామె అంటే, పక్కన కూర్చున్న ఆమె కొడుకు కూడా మస్కట్‌లోనే ఉండొచ్చు. ఆ రాత్రికి ఒక ఫోను నంబరు చేతులు మారుతుంది. ప్రార్థన వినేది దేవుడే అయినా, ముందు వినేది పక్కనున్న మనుషులు! దాచుకున్న చింత నలుగురి మధ్యకు రావడమే సగం మందు అనిపిస్తుంది నాకు.

గల్ఫ్ వెళ్లినవాళ్లూ ఈ అలవాటును వెంట తీసుకెళ్తారు. అక్కడ చాలా చర్చిల్లో ఆరాధన శుక్రవారమే. సౌదీలో చర్చికి అనుమతి లేదు కాబట్టి గది తలుపు వేసుకుని, గొంతు తగ్గించుకుని ప్రార్థించాలి.

మందు కూడా దేవుడిదే

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 'చింత పోలేదంటే నీకు విశ్వాసం చాలలేదు' అనే బోధకులు అక్కడక్కడా ఉన్నారు. అసలు చింతకు కొసరు చింత! గెత్సేమనే తోటలో యేసే వేదనతో నేల మీద పడి మూడుసార్లు ప్రార్థించాడన్నది వాళ్లు మరిచిపోతారు. అప్పుల్లో ఉన్నవాణ్నే కానుక పేరుతో ఇంకో అప్పు చేయించేవాళ్ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

మన పక్కనే ఉన్న డిచ్‌పల్లి కథ వేరు. కుష్ఠు వచ్చిందని ఇళ్ల నుంచి వెళ్లగొట్టినవాళ్ల కోసం డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. ఇద్దరూ మిషనరీలే. ప్రార్థనతో సరిపెట్టలేదు, చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లూ ఇచ్చారు. ఒకటి చేస్తే ఇంకొకటి అక్కరలేదని వాళ్లు అనుకోలేదు.

కాబట్టి నెలల తరబడి నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే ప్రార్థన చేయించుకోండి, డాక్టరు దగ్గరికీ వెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయొచ్చు. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

కూడిక ముగిశాక ఎవరూ ఎక్కువసేపు కూర్చోరు. పొద్దున కార్ఖానాకు కట్టలు ఇవ్వాలి. అప్పు నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉంది. ఫోను ఇంకా రాలేదు. ఇంటికెళ్లి అన్నం తిని, చాట ముందేసుకుని, తడిపి పెట్టిన ఆకు తీసుకుంటారు. కట్టలు పూర్తయ్యాక చాట గోడకు ఆనించి పడుకుంటారు. కొన్ని రాత్రులు నిద్ర పడుతుంది.