వేగమునకు చెల్లించు వెల

యంత్రముపై అచ్చు వేసిన అంకె ప్రకృతి విధించిన హద్దా, లేక తయారుచేసినవాడు ఇచ్చిన మాటయా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు గడచిన శతాబ్దాంతమున పలు దేశముల విద్యార్థులును, చిరుద్యోగులును తమ ఇండ్లలోనే కంప్యూటరు పెట్టె మూత విప్పి కూర్చుండిరి. వారు చేసిన పనికి 'ఓవర్‌క్లాకింగ్' అని పేరు. ప్రాసెసరును దానికి నిర్ణయించిన వేగముకంటె ఎక్కువ వేగముతో నడపుట దీని అర్థము. ఇందు తాళమును పెంచుట మొదటి మెట్టు. ఆ తాళమునకు చాలునట్లు వోల్టేజిని పెంచుట రెండవ మెట్టు. అసలు విద్యయు, అసలు ప్రమాదమును ఈ రెండవ మెట్టుపైననే ఉన్నవి.

చవుక సరుకు, గొప్ప పరుగు

1998 ఆగస్టులో ఇంటెల్ సంస్థ 'సెలెరాన్ 300ఎ' అను చవుక ప్రాసెసరును విడుదల చేసెను. దాని వేగము 300 మెగాహెర్ట్జ్, అనగా సెకనుకు 30 కోట్ల స్పందనలు. మదర్‌బోర్డు దానికి 66 మెగాహెర్ట్జ్‌కు కొంచెము మించిన తాళమును అందించును. ప్రాసెసరు ఆ తాళమును తనలో నాలుగున్నర రెట్లు చేసికొనును. ఈ గుణకమును ఎవరును మార్చకుండ తయారీదారు బిగించి పంపెను. కాని మదర్‌బోర్డు తాళమునే 100 చేసినచో ఏమగును? నూటిని నాలుగున్నరతో హెచ్చించిన 450. అదే నెలలో వచ్చిన ఖరీదైన పెంటియం-2 వేగమును సరిగా 450 మెగాహెర్ట్జే. చవుక ప్రాసెసర్లు చాల వరకు ఆ వేగమును అందుకొన్నవి.

ఇది మాయ కాదు. ఒకే సిలికాన్ పలకపై వందలకొలది చిప్పులు ఒకేసారి తయారగును. పరీక్షించి, ఒక్కొక్కదాని ఓపికనుబట్టి వాటిని వర్గములుగా విడదీయుదురు. వేసవి యెండలో, గాలి ఆడని పెట్టెలో, పాతబడిన మదర్‌బోర్డుపై కూడ సంవత్సరముల తరబడి తప్పు లేకుండ పనిచేయవలెనుగదా! అందుకై కొంత ఓపికను మిగులుగా ఉంచి వేగపు అంకెను అచ్చు వేయుదురు. చవుక సరుకునకు గిరాకి ఎక్కువైనపుడు మంచి చిప్పులకు కూడ చిన్న అంకెయే పడుట కలదు. ఇంటిలోని సాధకుడు వాడుకొన్నది ఈ మిగులునే.

కుండ నిండువరకు గంట ఆగునా?

కొన్ని చిప్పులు 450 దాపునకు వచ్చి తడబడినవి. అచ్చట వోల్టేజి అవసరము కలిగెను. ట్రాన్సిస్టరు ఒక స్థితినుండి మరియొక స్థితికి మారవలెనన్న దాని ముందున్న అతి చిన్న విద్యుద్భాండము నిండవలెను, లేదా ఖాళీ కావలెను. తాళము మరల మ్రోగులోపల ఈ పని ముగియవలెను. గంట కొట్టులోగా కుండ నింపవలసిన బాలునివంటిది ట్రాన్సిస్టరు. గంటలు దగ్గర దగ్గరగా మ్రోగినచో కుండ సగమే నిండును. ఒకటి కావలసిన చోట సున్న నిలుచును. ధార వేగమును పెంచినచో కుండ త్వరగా నిండును. ఆ ధారను పెంచునదే వోల్టేజి.

సెలెరాన్ 300ఎకు నిర్ణయించిన వోల్టేజి 2.0. దీనిని ఆ ప్రాసెసరే మదర్‌బోర్డునకు చెప్పుకొనును. చెప్పు విధము విద్యార్థులు తెలిసికొనదగినది. ప్రాసెసరు అమర్చిన పలక అంచున 242 లోహపు స్పర్శలు ఉండును. వాటిలో అయిదు వోల్టేజి సంకేతమునకు కేటాయింపబడినవి. భూమి తీగకు కలిసిన స్పర్శ సున్న. దేనికిని కలియక విడిగా ఉన్న స్పర్శ ఒకటి. ఆ అయిదంకెల సంఖ్యను చదివి మదర్‌బోర్డు తగిన వోల్టేజిని పంపును. 00001 అన్నచో 2.0 వోల్టులు, 11110 అన్నచో 2.1, 11101 అన్నచో 2.2.

కొన్ని మదర్‌బోర్డులలో వోల్టేజిని మార్చు సదుపాయము లేకుండెను. అప్పుడు సాధకులు స్పర్శలపై సన్నని టేపు ముక్క అంటించిరి. కొందరు గోళ్ళ రంగు పూసిరి. కప్పిన స్పర్శ భూమి తీగనుండి వేరగును గనుక సున్న ఒకటిగా మారును. మొదటి మూడు సున్నలను కప్పినచో 00001 కాస్త 11101 అగును, 2.2 వోల్టులు వచ్చును. మరి 2.1 ఏల రాదు? దానికి చివరి ఒకటిని సున్న చేయవలెను. టేపు తెంచగలదే గాని కలుపలేదు. కలుపుటకు తీగ కావలెను. ద్విసంఖ్యామానము పుస్తకములోని లెక్కగా మాత్రమే తెలిసిన బాలునకు ఈ టేపు ముక్క మంచి పాఠము.

2000 సంవత్సరమున వచ్చిన ఏఎమ్‌డీ వారి ప్రాసెసర్లలో కలుపు పని పెన్సిలుకు దక్కినది. వాటి గుణకమును బిగించుటకు తయారీదారు పైభాగమున ఉన్న సూక్ష్మమైన వంతెనలను లేజరు కిరణముతో తెంచెను. పెన్సిలులోని గ్రాఫైటు విద్యుద్వాహకము. తెగిన చోట పెన్సిలుతో గీత గీసినచో వంతెన మరల కలిసెను.

వర్గపు లెక్క

ఇంతవరకు లాభము. ఇక వెల. ప్రాసెసరు పనిచేయునపుడు ఖర్చగు శక్తి తాళమునకు అనులోమముగాను, వోల్టేజి వర్గమునకు అనులోమముగాను పెరుగును. 300 నుండి 450కి పోవుట ఒకటిన్నర రెట్లు. 2.0 నుండి 2.2కు పోవుట 1.1 రెట్లు; దాని వర్గము 1.21. రెండును హెచ్చించిన 1.815. అనగా వేగము నూటికి ఏబది పెరిగినచో వేడిమి నూటికి ఎనుబదికి పైగా పెరిగినది. అందుకే ఓవర్‌క్లాకింగ్ చేయువారు పెద్ద పంకాలను, బరువైన లోహపు రెక్కలను, కొందరు నీటి గొట్టములను కూడ అమర్చిరి.

వేడిమిని పంకా తీసివేయును గాని, అన్ని బాధలను తీర్చలేదు. వోల్టేజి హెచ్చిన కొలది ట్రాన్సిస్టరులోని అతి పలుచని నిరోధక పొర క్షీణించును. సన్నని లోహపు తీగలలో ఎలక్ట్రానుల ప్రవాహము అణువులనే కొంచెము కొంచెముగా తోసివేయును. ఏటి నీరు గట్టును కోసినట్లు కొన్నాళ్ళకు తీగ తెగును. ప్రవాహ సాంద్రతయు, ఉష్ణోగ్రతయు పెరిగిన కొలది తీగ ఆయుర్దాయము ఎట్లు తగ్గునో తెలుపు సూత్రమును జేమ్స్ బ్లాక్ అను శాస్త్రజ్ఞుడు 1960లలోనే రూపొందించెను. ఈ నష్టము ఆనాడే కనిపించదు. నేడు పొందిన వేగమునకు రేపటి ఆయువు ఈడగును.

పరుగు చాలునా, లెక్క సరియేనా?

ఆయువు తగ్గుటకంటె లోతైన భయము మరియొకటి కలదు. యంత్రము ఆగిపోయినచో తెలియును. ఆగక తప్పు సమాధానము చెప్పినచో తెలియదు. తడబడు ప్రాసెసరు లక్షల గుణకారములు సరిగా చేసి ఒక్కదానిని తప్పవచ్చును. ఆ తప్పు లెక్కల పట్టికలో చేరవచ్చును, దాచుకొన్న ఛాయాచిత్రమును చెరుపవచ్చును.

అందుకే ఓవర్‌క్లాకింగ్ చేయువారు ఒక పరీక్షాధికారిని ఎన్నుకొనిరి. అతి పెద్ద ప్రధాన సంఖ్యలను వెదకు ఉద్యమమును జార్జి వోల్ట్‌మన్ 1996లో ఆరంభించెను. ఆ పనికి ఆయన వ్రాసిన 'ప్రైమ్95' అను ప్రోగ్రాములో యంత్రమును పరీక్షించు భాగము ఒకటి కలదు. సమాధానము ముందే తెలిసిన కఠినమైన లెక్కలను గంటల తరబడి చేయించి, వచ్చిన ఫలితమును సరిచూచును. గణితమునకై పుట్టిన పరికరము యంత్రముల సత్యసంధతకు గీటురాయి అయినది. వేగమును కొలుచుట నిమిషముల పని; నమ్మకమును కొలుచుటకు రాత్రి యంతయు పట్టును.

వోల్టేజి తగ్గినను తప్పే. 2019లో ఐరోపా విశ్వవిద్యాలయముల పరిశోధకులు 'ప్లండర్‌వోల్ట్' అను దాడిని ప్రకటించిరి. వోల్టేజిని కావలెనని తగ్గించి, ప్రాసెసరుచేత గుణకారమును తప్పించి, అందు భద్రపరచిన రహస్యములను బయటికి లాగవచ్చునని వారు నిరూపించిరి.

నేటి స్థితి

ఒకనాడు టేపుతోను, పెన్సిలుతోను చేసిన పనిని నేడు ప్రాసెసరు తనంతట తానే చేసికొనుచున్నది. 2000 ఆరంభమున ఇంటెల్ విడుదల చేసిన ల్యాప్‌టాప్ ప్రాసెసరు ఒకటి గోడ విద్యుత్తుపై 1.6 వోల్టులతో 650 మెగాహెర్ట్జ్ వేగమునను, బ్యాటరీపై 1.35 వోల్టులతో 500 మెగాహెర్ట్జ్ వేగమునను నడచెను. వర్గపు లెక్క వేసి చూచినచో రెండవ విధమున శక్తి వ్యయము సుమారు నూటికి 55 మాత్రమే. నేటి ప్రాసెసర్లు పని బరువునుబట్టి తమ తాళమును, వోల్టేజిని నిరంతరము మార్చుకొనుచుండును. మిగులును తయారీదారే వాడుకొనుటచే ఇంటివానికి దక్కునది స్వల్పము.

తయారీదారు లెక్కయు తప్పవచ్చునని 2024 నిరూపించెను. ఇంటెల్ 13వ, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరములైనవి. హెచ్చు వోల్టేజి కారణమని సంస్థ గుర్తించి, కోరు వోల్టేజి 1.55ను మించకుండ సవరణ చేసి, వారంటీని రెండు సంవత్సరములు పొడిగించెను. అప్పటికే చెడిన చిప్పులను ఆ సవరణ బాగుచేయలేదు.

ఈ విద్యను అభ్యసింపగోరు విద్యార్థికి రెండు మాటలు చాలును. గోడ విద్యుత్తును మార్చి ఇచ్చు పవర్ సప్లై పెట్టెను తెరువరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ దానిలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఇల్లు గడుచుటకు ఆధారమైన యంత్రముపై ప్రయోగము చేయరాదు. పాత యంత్రము చాలును. వోల్టేజిని పెంచుటకు బదులు కొంచెము తగ్గించి చూచుట మరింత లాభకరము. పదవ వంతు తగ్గినచో, వేగము అట్లే ఉండగా, శక్తి వ్యయము ఇంచుమించు నూటికి 19 తగ్గును. అయితే అచ్చటను లెక్కలు సరిచూచుట తప్పదు.

ప్రాసెసరుపై అచ్చు వేసిన అంకె ప్రకృతి హద్దు కాదు. వేడిలోను, వయసులోను లెక్క తప్పనని ఇచ్చిన మాట అది. దానిని దాటదలచినవాడు ఆ పూచీని తాను వహింపవలెను.